గుమ్మంలో ఆనవాలు

పారాసిటమాల్ మాత్ర ఒకటి వేసుకుంటే నాలుగైదు గంటలు జ్వరం అదుపులో ఉంటుంది. దుబాయ్‌లో ఎక్కిన విమానం నాలుగు గంటల లోపే శంషాబాద్‌లో దిగుతుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. 2020 తొలి నెలల్లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో, దిగి వచ్చే ప్రయాణికుల ముఖాల వైపు తిప్పి పెట్టిన థర్మల్ కెమెరా ఎంత బరువు నెత్తికెత్తుకుందో అర్థమవుతుంది.

ఆ ఏడాది జనవరి 17న ఢిల్లీ, ముంబై, కోల్‌కతా విమానాశ్రయాల్లో తనిఖీలు మొదలయ్యాయి. నాలుగు రోజులకే హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, కొచ్చి కూడా ఆ జాబితాలో చేరాయి. మొదట చైనా వైపు నుంచి వచ్చేవాళ్లను చూశారు. మార్చి వచ్చేసరికి విదేశాల నుంచి దిగిన ప్రతి ఒక్కరూ ఆ తనిఖీ దాటాల్సి వచ్చింది.

కెమెరా చూసేది వైరస్‌ను కాదని అందరికీ తెలుసు. నిజానికి అది జ్వరాన్ని కూడా చూడదు. వైరస్ ఒంట్లో చేరితే రోగనిరోధక వ్యవస్థ మేలుకుంటుంది. అది పంపిన రసాయనాల మాట విని మెదడు ఒంటి వేడిని పెంచుతుంది. ఆ వేడిలో కొంత చర్మం మీదికి వస్తుంది. చర్మం నుంచి వెలువడే పరారుణ కిరణాలను కెమెరా కొలుస్తుంది. అంటే వైరస్‌కూ కెమెరాకూ మధ్య నాలుగు మెట్లున్నాయి. మాత్ర వేసుకున్నవాడు రెండో మెట్టు దగ్గరే దారి మూసేస్తాడు. ఎండలోంచి పరిగెత్తుకొచ్చినవాడు వైరస్ లేకుండానే నాలుగో మెట్టు మీద ప్రత్యక్షమవుతాడు.

మాత్ర సంగతి పక్కన పెట్టినా ఇంకో చిక్కుంది. కరోనా తొలి రకం ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున ఐదు రోజులు పట్టేది. ఆ ఐదు రోజుల్లో ఎప్పుడు విమానం ఎక్కినా మనిషి నిక్షేపంగా ఉంటాడు. పైగా లక్షణాలకు ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలడు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు 2020 ఆరంభంలోనే ఈ లెక్క వేశారు. సోకినవాళ్లు 100 మంది ప్రయాణిస్తే, ఎక్కేచోటా దిగేచోటా తనిఖీ చేసినా, దాదాపు 46 మంది ఎవరికీ దొరకకుండా బయటికి నడిచిపోతారని తేల్చారు.

తెలంగాణలో మొదటి కేసును 2020 మార్చి 2న ప్రకటించారు. ఆ యువకుడు దుబాయ్ నుంచి వచ్చినవాడే. కానీ దిగింది బెంగళూరులో. అక్కడి నుంచి హైదరాబాద్‌కు బస్సులో వచ్చాడు. శంషాబాద్ కెమెరా ఎంత గొప్పదైనా అతణ్ణి చూసే అవకాశమే లేదు.

ఉంగరం ఎవరిది?

వైద్య పరిశోధనలో బయోమార్కర్ అనే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తుంది. శరీరంలో కొలవదగినది, కొలిస్తే ఒక వ్యాధి సంగతి చెప్పేది ఏదైనా బయోమార్కరే. రక్తంలో చక్కెర, మూత్రంలో ప్రోటీన్, కణంలో మారిన జన్యువు, ఒంటి వేడి, అన్నీ ఆ కోవలోకే వస్తాయి. తెలుగులో దీనికి ఆనవాలు కంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఆనవాలు అనగానే మనకు గుర్తొచ్చేది అశోకవనం. సీత హనుమంతుణ్ణి చూసిన వెంటనే నమ్మలేదు. ఇదీ రావణుడి మాయేనేమో అని అనుమానపడింది. ఉంగరం చేతిలో పెట్టాక నమ్మింది. ఆ ఉంగరం పని చేయడానికి మూడు కారణాలున్నాయి. అది రాముడి దగ్గర తప్ప మరొకరి దగ్గర ఉండదు. రాముడు పంపినవాడి చేతిలో అది తప్పకుండా ఉంది. దాన్ని చూశాక కథ కదిలింది, సీత చూడామణి ఇచ్చి పంపింది. బజారులో ఎవరైనా కొనుక్కోగల ఉంగరమైతే మొదటి గుణం పోయేది. సముద్రం మీద జారిపోయి ఉంటే రెండోది పోయేది. చూసి కళ్లకద్దుకుని ఊరుకుంటే మూడోది పోయేది.

మొదటి గుణాన్ని శాస్త్రవేత్తలు విశిష్టత అంటారు, రెండోదాన్ని సున్నితత్వం అంటారు. ఈ రెండింటి మీదా గ్రంథాలున్నాయి. మూడో గుణానికి అంత పేరున్న మాట లేదు. ఈ అధ్యాయం దాని గురించే.

అంతకుముందు మొదటి రెండూ కలిసి ఎంత ఆట ఆడిస్తాయో ఒక ఊహా లెక్కలో చూద్దాం. ఒక రోజు 10,000 మంది ప్రయాణికులు దిగారు. వాళ్లలో సోకినవాళ్లు 10 మంది. మన కెమెరా సోకినవాళ్లలో సగం మందిని పట్టుకుంటుంది, సోకనివాళ్లలో నూటికి ఒకరి మీద పొరపాటున ఎర్ర దీపం వెలిగిస్తుంది. సాయంత్రానికి పక్కకు తీసి నిలబెట్టినవాళ్లు 105 మంది. అందులో నిజంగా సోకినవాళ్లు 5 మంది, ఊరికే కంగారుపడ్డవాళ్లు 100 మంది. మరో 5 మంది అప్పటికే టాక్సీల్లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేశారు. కెమెరాలో లోపం ఏమంత లేదు. వ్యాధి అరుదుగా ఉన్నచోట ఎంత మంచి ఆనవాలైనా ఎక్కువగా తప్పుడు కబుర్లే తెస్తుంది.

పాత విమానాశ్రయం పక్కన

2008 మార్చి 23న శంషాబాద్ తెరుచుకునేదాకా హైదరాబాద్ విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. ఆ పాత విమానాశ్రయానికి దగ్గరలోనే ఒక పాత భవనం ఉంది. రోనాల్డ్ రాస్ పేరు పెట్టుకున్న ఆ భవనంలో 1897 ఆగస్టు 20న ఒక ఆనవాలు దొరికింది.

మలేరియా రోగి రక్తంలో ఒక పరాన్నజీవి ఉంటుందని అప్పటికి తెలుసు. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ దాన్ని చూశాడు. దోమ కడుపులో అది ఏమవుతుందో ఎవరికీ తెలియదు. సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న రాస్ రెండేళ్లుగా దోమల్ని కోసి చూస్తున్నాడు. ఎక్కువగా కోసింది తప్పుడు జాతి దోమల్ని. చివరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆగస్టు 16న వాటి చేత కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత ఒక దోమను కోస్తే, దాని జీర్ణాశయం గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి.

గుండ్రటి కణాలు ఏ పురుగు కడుపులోనైనా ఉండొచ్చు. రాస్‌ను ఆపింది ఆ కణాల్లోని నల్లటి రేణువులు. మిరియాల పొడి చల్లినట్టుండే ఆ రేణువుల్ని అతను మలేరియా రోగుల రక్తంలో వందలసార్లు చూసి ఉన్నాడు. అవి మలేరియా పరాన్నజీవికి సొంతం. మర్నాడు మరో దోమను కోస్తే కణాలు మరికాస్త పెరిగి ఉన్నాయి. దోమలో ఆ జీవి బతుకుతోంది, పెరుగుతోంది. 1902లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ నల్ల రేణువు ఎందుకుంటుంది? పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. తిన్నాక ఇనుమున్న హీమ్ అనే ముక్క మిగులుతుంది. అది దానికి విషం. అందుకే ఆ విషాన్ని గట్టి స్ఫటికాలుగా మార్చి పక్కన పోగు చేసుకుంటుంది. ఆ పోగునే రాస్ చూశాడు. క్లోరోక్విన్ సరిగ్గా ఇక్కడే దెబ్బ కొడుతుంది. హీమ్‌ను స్ఫటికం కానివ్వదు. పరాన్నజీవి తన భోజనంలోని విషంతోనే చస్తుంది. గుర్తుపట్టడానికి పనికొచ్చిన వస్తువే చంపడానికీ దారి చూపింది. మందు ముందు దొరికింది, దాని కిటుకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అయినా ఒకే రేణువు చుట్టూ రోగనిర్ధారణ, చికిత్స రెండూ తిరగడం వైద్య చరిత్రలో ముచ్చటైన సంగతి.

ఇదే కుటుంబానికి చెందిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను 2020లో కరోనా మీద ప్రయోగించారు. కరోనా వైరస్ హిమోగ్లోబిన్ తినదు, నల్ల రేణువులు పోగేయదు. మందు వేరే దారిలో పని చేస్తుందేమోనని ఆశపడ్డారు. ఆ ఏడాది జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఆసుపత్రి రోగుల్లో దానివల్ల ప్రయోజనం లేదని తేల్చింది.

విమానాలకూ మలేరియాకూ ఇంకో చుట్టరికం ఉంది. మలేరియా లేని దేశాల్లో, ఎక్కడికీ ప్రయాణించనివాళ్లకు, విమానాశ్రయం చుట్టుపక్కల ఉన్నందుకే మలేరియా రావడాన్ని ఎయిర్‌పోర్ట్ మలేరియా అంటారు. 1994 వేసవిలో పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయం పరిసరాల్లో 6 కేసులు వచ్చాయి. విమానంలో వచ్చింది రోగి కాదు, దోమ. దోమకు పాస్‌పోర్ట్ ఉండదు, థర్మల్ కెమెరా ముందు నడవదు.

ఎల్లో ఫీవర్ విషయంలో మన ప్రభుత్వం అంత గట్టిగా ఉండటానికి కారణం కూడా దోమే. ఆ వైరస్ మన దేశంలో లేదు. దాన్ని మోయగల ఈడిస్ దోమ మాత్రం మన పూలకుండీల్లో, కూలర్లలో బోలెడంత ఉంది. అందుకే ఆ వ్యాధి ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చేవాళ్లు టీకా పత్రం చూపించాలి. టీకా వేసుకుని 10 రోజులు దాటితేనే ఆ పత్రం చెల్లుతుంది. లేకపోతే 6 రోజుల క్వారంటైన్. ఇక్కడ అధికారి వెతికేది వ్యాధి ఆనవాలు కాదు, రక్షణ ఆనవాలు.

రెండు శాతం అదృష్టం

జ్వరం చాలదని తేలాక ముక్కులోకి పుల్ల వచ్చింది. ఆర్‌టీ-పీసీఆర్ నేరుగా వైరస్ జన్యువునే వెతుకుతుంది. దొరికిన ముక్కను ఒక్కో విడతలో రెండింతలు చేసుకుంటూ పోతుంది. ఎన్నో విడతకు వెలుగు కనిపించిందో ఆ అంకె సీటీ వాల్యూ. 20వ విడతలో కనిపించినవాడి నమూనాలో, 30వ విడతలో కనిపించినవాడి కంటే వెయ్యి రెట్లు ఎక్కువ వైరస్ ఉన్నట్టు లెక్క. పదిసార్లు రెట్టింపు అంటే 1,024 కదా.

హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ పరీక్షలో ఒక పొదుపు మార్గం కనిపెట్టారు. మామూలుగా పుల్లను ఒక ద్రవంలో ముంచి పంపాలి, ల్యాబ్‌లో ఆర్‌ఎన్‌ఏను విడిగా శుద్ధి చేయాలి. సీసీఎంబీ పుల్లను పొడిగానే పంపమంది. శుద్ధి చేసే మెట్టును తీసేసి నమూనాను వేడి చేసి సరిపెట్టింది. ఖర్చు, సమయం దాదాపు సగానికి తగ్గాయి. 2020 నవంబరులో ఐసీఎంఆర్ ఆ పద్ధతికి ఆమోదం తెలిపింది.

ఆ ఏడాది చివర బ్రిటన్‌లో ఆల్ఫా అనే కొత్త రకం బయటపడింది. డిసెంబర్ 29న మన దేశంలో తొలి 6 ఆల్ఫా కేసులు ప్రకటించినప్పుడు, అందులో 2 సీసీఎంబీలో గుర్తించినవి. ఇక నుంచి వైరస్ ఉందా లేదా అన్న ప్రశ్న సరిపోదు, ఏ రకం అన్నది కూడా కావాలి. వైరస్ జన్యుక్రమం చదివి రకాన్ని గుర్తించడానికి దేశమంతటా 10 ల్యాబ్‌లతో ఇన్సాకాగ్ అనే కూటమి ఏర్పడింది. అందులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ హైదరాబాద్‌వే.

జన్యుక్రమం మొత్తం చదవడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఒక అడ్డదారి అనుకోకుండా దొరికింది. కొన్ని పీసీఆర్ కిట్లు వైరస్‌లో ఒకటికి మూడు చోట్ల వెతుకుతాయి. అందులో ఒకటి ఎస్ జన్యువు. ఆల్ఫాలో ఎస్ జన్యువు నుంచి చిన్న ముక్క ఊడిపోయింది. కిట్ వెతికే చోటు సరిగ్గా అదే. దాంతో మూడు తాళాల్లో రెండు తెరుచుకునేవి, ఒకటి మొరాయించేది. మొదట పరీక్షలో లోపం అనుకున్నది చివరికి ఆనవాలైంది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా ఒమిక్రాన్ సంగతి ప్రపంచానికి చెప్పినప్పుడు, దాని తొలి రూపంలోనూ అదే ముక్క లేదు. ఎస్ తాళం తెరుచుకోని నమూనా కనిపిస్తే ఒమిక్రాన్ అని అనుమానించేవారు. కొద్ది వారాలకే దాని తమ్ముడు బీఏ.2 వచ్చింది. వాడిలో ఆ ముక్క ఊడలేదు. మూడు తాళాలూ తెరుచుకున్నాయి, ఆనవాలు చెరిగిపోయింది. వైరస్‌కు మన కిట్ల గురించి తెలియదు. అది మారుతుంది, అంతే.

2021 డిసెంబర్ 1 నుంచి విమానాశ్రయాల్లో కొత్త నిబంధన వచ్చింది. ప్రమాదం ఉందనుకున్న దేశాల జాబితా ఒకటి వేశారు. అక్కడి నుంచి వచ్చేవాళ్లందరికీ దిగగానే పరీక్ష. మిగతా దేశాల వాళ్లలో నూటికి ఇద్దరిని మాత్రం ఎంచి పరీక్షిస్తారు. డిసెంబర్ 12న శంషాబాద్‌లో దిగిన కెన్యా మహిళ ఒకరు, సోమాలియా యువకుడు ఒకరు ఆ నూటికి ఇద్దరిలో పడ్డారు. ఆ దేశాలు జాబితాలో లేవు. నమూనాల జన్యుక్రమం చదివితే ఒమిక్రాన్ అని తేలింది. 15న తెలంగాణ వైద్యశాఖ తొలి రెండు ఒమిక్రాన్ కేసులుగా వాళ్లను ప్రకటించింది.

దీని మీద నేను చాలాసార్లు ఆలోచించాను. జాబితా అంటే మనకు ఇప్పటికే తెలిసినదాని పట్టిక. అది నిన్నటి ప్రమాదాన్ని బాగా పట్టుకుంటుంది. ఇవాళ్టి ప్రమాదం జాబితాలో లేని చోటు నుంచే వస్తుంది. ఆ రెండు శాతం పెట్టినవాళ్లు, మనకు తెలియనిది ఉంటుందని ముందే ఒప్పుకున్నారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటాం. ఆ మెతుకు పైనుంచే ఏరుకోకుండా గరిటె తిప్పి తీసుకోవాలని మాత్రం మర్చిపోకూడదు.

మురుగు చెప్పిన కబుర్లు

మనిషిని ఆపకుండా, ముక్కులో పుల్ల పెట్టకుండా, పేరు కూడా అడగకుండా వైరస్‌ను వెతికే దారి ఒకటుంది. సోకినవాళ్ల మలంలోనూ వైరస్ ముక్కలు పోతాయి. లక్షణాలు లేనివాళ్లూ, పరీక్షకు రానివాళ్లూ, దాచినవాళ్లూ బాత్రూంకు వెళ్లక తప్పదు కదా.

2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసుకుని లెక్క కట్టారు. నగరంలో సుమారు 6.6 లక్షల మంది, అంటే జనాభాలో 6.6 శాతం మంది, గత 35 రోజుల్లో ఏదో ఒక దశలో సోకినవాళ్లేనని ఆగస్టులో ప్రకటించారు. అప్పటికి ఇంకా వ్యాధి ఉన్నవాళ్లు 2.6 లక్షల మంది అని అంచనా వేశారు. అధికారిక కేసుల సంఖ్యకు ఇది ఎన్నో రెట్లు. నగరపు మురుగులో శుద్ధి కేంద్రాలకు చేరేది 40 శాతమే కాబట్టి మిగతాది లెక్కతో పూరించారు. 35 రోజుల కిటికీ ఎందుకంటే, కోలుకున్నాక కూడా అన్ని రోజుల దాకా వైరస్ ముక్కలు బయటికి వస్తూనే ఉంటాయి. అవి అంటించవు, కేవలం గడిచిపోయినదాని జాడలు. వరద తగ్గాక గోడ మీద మిగిలిన నీటి చార లాంటివన్నమాట.

మురుగు మాట విని ఈ నగరం కదిలిన సందర్భం అంతకు నాలుగేళ్ల ముందే ఉంది. 2014 మార్చిలో భారతదేశం పోలియో లేని దేశంగా గుర్తింపు పొందింది. 2016 మే నెలలో హైదరాబాద్‌లో తీసిన మురుగు నమూనాలో టైప్ 2 పోలియో వైరస్ కనిపించింది. అది అడవి వైరస్ కాదు. నోటి చుక్కల టీకాలోని బలహీనపరిచిన వైరస్ పిల్లల పేగుల్లో తిరిగి తిరిగి మార్పు చెందగా వచ్చిన రకం. ఒక్క పిల్లవాడికి కూడా కాలు పడిపోలేదు. ఎవరూ ఆసుపత్రికి రాలేదు. అయినా జూన్ 20 నుంచి వారం రోజుల పాటు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ముప్పు ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ రూపంలోని పోలియో టీకా వేసే కార్యక్రమం పెట్టారు.

నా లెక్కలో ఆనవాలు అంటే అది. రోగి లేడు, రోగం లేదు, ఒక సీసాడు మురికి నీళ్లున్నాయి. వాటిని చూసినవాళ్లకు మర్నాడు ఏం చేయాలో తెలుసు. చేయడానికి మందు ఉంది, చేసే మనుషులున్నారు. 2020 ఆగస్టు మురుగు లెక్క శాస్త్రంగా దీనికేమీ తీసిపోదు. కానీ ఆ రోజున చేతిలో టీకా లేదు.

ఏ మందు ఎవరికి?

2021 వేసవి గుర్తున్నవాళ్లకు ఈ మాటలు గుర్తుంటాయి: సీఆర్‌పీ, డి-డైమర్, సీటీ వాల్యూ, సీటీ స్కోర్. కిరాణా కొట్టు దగ్గర కూడా ఇవే కబుర్లు. సీటీ వాల్యూ పీసీఆర్‌ది, తక్కువుంటే వైరస్ ఎక్కువున్నట్టు. సీటీ స్కోర్ ఊపిరితిత్తుల స్కాన్‌ది, 25కి ఎంత ఎక్కువుంటే అంత దెబ్బతిన్నట్టు. ఒకటి తక్కువుంటే భయపడాలి, ఇంకోటి ఎక్కువుంటే భయపడాలి. రెండూ కలిపేసుకుని, స్కోర్ తక్కువ వచ్చిందని ఏడ్చినవాళ్లూ, వాల్యూ ఎక్కువ వచ్చిందని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. చేతిలో అంకెలున్నాయి, ఆ అంకెలతో ఏం చేయాలో మాత్రం చాలామందికి తెలియలేదు.

తెలిసిన చోట ఆనవాలు ప్రాణాలు కాపాడింది. డెక్సామెథసోన్ దశాబ్దాల నాటి చవక స్టెరాయిడ్. రికవరీ ట్రయల్‌లో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో చనిపోయేవాళ్లు మామూలు చికిత్సలో 41.4 శాతం, ఈ మందు ఇస్తే 29.3 శాతం. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మేలేమీ కనిపించలేదు, కీడుకు ఆస్కారమే కనిపించింది. మందు ఒకటే, మోతాదు ఒకటే. అమృతమో విషమో నిర్ణయించేది వేలికి తొడిగిన ఆక్సీమీటర్ అంకె. అది తెలియక మొదటి రోజు జ్వరానికే స్టెరాయిడ్ మింగినవాళ్లు వైరస్‌తో పోరాడే సొంత సైన్యాన్నే నిద్రపుచ్చారు.

టోసిలిజుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌ను అదే ట్రయల్‌లో ఇంకా జాగ్రత్తగా పరీక్షించారు. ఆక్సిజన్ 92 కంటే తక్కువుండాలి లేదా ఆక్సిజన్ మీద ఉండాలి, ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ రక్తంలో లీటరుకు 75 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఈ రెండు గుర్తులూ ఉన్నవాళ్లలో మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. అందరికీ ఇచ్చి ఉంటే ఆ చిన్న తేడా గుంపులో కలిసిపోయేది.

ఆక్సీమీటర్ కూడా అందర్నీ ఒకేలా చూడదని 2020 డిసెంబర్‌లో అమెరికా పరిశోధకులు గుర్తుచేశారు. రక్తంలో ఆక్సిజన్ నిజంగా పడిపోయినా యంత్రం బాగానే ఉందని చూపించడం, తెల్లవాళ్ల కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది. యంత్రం వేలిలోంచి కాంతిని పంపి రక్తం రంగు చదువుతుంది, చర్మంలోని రంగు ఆ చదువుకు అడ్డొస్తుంది. చామనఛాయ మనుషుల దేశంలో ఇది మర్చిపోకూడని సంగతి.

ఇక మన ఊరి మందు ఒకటి. 2-డీజీ అనే పొడిని డీఆర్‌డీవో వారి ఇన్మాస్, డాక్టర్ రెడ్డీస్ కలిసి తయారు చేశాయి. 2020 ఏప్రిల్‌లో దానిమీద ల్యాబ్ ప్రయోగాలు సీసీఎంబీలోనే జరిగాయి. అది గ్లూకోజ్‌కు కవల లాంటిది. వైరస్ సోకిన కణం ఆకలితో గ్లూకోజ్ అనుకుని దీన్ని లోపలికి లాక్కుంటుంది, అరిగించుకోలేక ఆగిపోతుంది. ఇదే అణువుకు రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలిస్తే ఎఫ్‌డీజీ. క్యాన్సర్ రోగులకు పెట్ స్కాన్‌లో ఎక్కించేది అదే. ఆకలిగొన్న కణితి దాన్ని మింగి స్కాన్‌లో దీపంలా వెలుగుతుంది. ఒక రూపంలో ఆనవాలు, ఇంకో రూపంలో మందు కాగల అణువు. రాస్ నల్ల రేణువు గుర్తొస్తుంది కదా.

2-డీజీకి 2021 మే 1న అత్యవసర అనుమతి వచ్చింది. మూడో దశ పరీక్ష 27 ఆసుపత్రుల్లో 220 మంది మీద జరిగింది. మూడో రోజుకు ఆక్సిజన్ అవసరం తీరినవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 42 శాతం, తీసుకోనివాళ్లలో 31 శాతం. మంచి కబురే. కానీ కొలిచింది ఆక్సిజన్ తీసేసిన రోజును. అది కోలుకోవడానికి ఆనవాలు, కోలుకోవడమే కాదు. మరణాలు తగ్గాయా అని చెప్పడానికి 220 మంది చాలరు. డెక్సామెథసోన్ సంగతి తేల్చడానికి 6,400 మందికి పైగా కావాల్సి వచ్చింది. ఆశ వేరు, రుజువు వేరు. ఆ వేసవిలో ఆ రెండింటి మధ్య నిలబడి ఆగడం ఎవరికి సాధ్యం?

చల్లదనానికీ ఒక ఆనవాలు

వ్యాధి మనుషులతో ప్రయాణికుల టెర్మినల్‌లో దిగిన ఆ రెండేళ్లలోనే, మందులు కార్గో టెర్మినల్‌లో దిగాయి. 2021 మే 1న స్పుత్నిక్-వి తొలి విడతగా 1.5 లక్షల డోసులు మాస్కో నుంచి శంషాబాద్‌కు వచ్చాయి. జూన్ 1 తెల్లవారుజామున మరో ప్రత్యేక విమానం 30 లక్షల డోసులతో దిగింది. బరువు 56.6 టన్నులు. ఆ టీకాను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచాలి. విమానం తలుపు తీసిన క్షణం నుంచి శీతల గిడ్డంగి తలుపు మూసేదాకా మధ్యలో హైదరాబాద్ వేడి ఉంటుంది. ల్యాబ్‌లో ఏళ్లు పట్టిన పని ఆ కాసేపట్లో పాడైపోవచ్చు. పాడైన టీకా చూడటానికి బాగున్న టీకాలాగే ఉంటుంది. రంగు మారదు, వాసన రాదు. మందుకు కూడా జ్వరం వస్తుంది, బయటికి కనిపించదు.

ఈ చిక్కుకు పోలియో టీకా దగ్గర ఎప్పుడో ఒక జవాబు దొరికింది. పల్స్ పోలియో ఆదివారం నాడు బూత్ దగ్గరకు పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లినవాళ్లు చుక్కల మందు సీసాను చూసే ఉంటారు. ఈసారి దాని లేబుల్ మీద చూడండి. వంకాయ రంగు చిన్న వలయం, దాని మధ్యలో తెల్లటి చతురస్రం ఉంటుంది. దీన్ని వ్యాక్సిన్ వైల్ మానిటర్ అంటారు. 1996 నుంచి పోలియో చుక్కల సీసాల మీద వస్తోంది. సీసా ఎంత వేడి తిన్నదో, ఎంతసేపు తిన్నదో లెక్కపెట్టుకుంటూ ఆ చతురస్రం నెమ్మదిగా ముదురుతుంది. ఒకసారి ముదిరితే మళ్లీ తెల్లబడదు. ఫ్రిజ్‌లో పెట్టి దాన్ని మోసం చేయలేం. చతురస్రం వలయం కంటే లేత రంగులో ఉన్నంతకాలం మందు వాడొచ్చు. రెండూ ఒకే రంగుకొస్తే పారేయాలి.

దాన్ని చదవడానికి ల్యాబ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు. శంషాబాద్ మండలంలో ఏ ఊళ్లోనైనా, చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్న ఏఎన్‌ఎం ఐస్ డబ్బాలోంచి సీసా తీస్తుంది. లేబుల్ వైపు ఒక్క చూపు చూస్తుంది. పైన ఏ దేశానికో వెళ్లే విమానం చప్పుడు చేసుకుంటూ పోతుంటుంది. చతురస్రం తెల్లగానే ఉంది. పిల్లవాడి బుగ్గలు నొక్కి నోరు తెరిపించి, రెండు చుక్కలు వేసి, చిటికెన వేలి గోటికి సిరా రాస్తుంది.